లేని స్పిండిల్‌ను తిప్పిన అమ్మాయి

తాండూరు బండల యూనిట్లలో కొత్తగా పనికి చేరే పిల్లలారా, బటను నొక్కగానే మీ కోత మిషను ముందుగా ఏం చేస్తుందో ఎప్పుడైనా చూశారా? ఏమీ చేయదు. ఆగుతుంది. కోసే బ్లేడు వేగం అందుకునే దాకా బండను పెట్టిన బల్ల కదలదు. వేగం అందాకే బండను బ్లేడు మీదికి తోస్తుంది. ఇప్పుడు ఆ ఆగడం ఎంత చిన్నదంటే, మీరు వక్కపలుకు నోట్లో వేసుకునేలోపు అయిపోతుంది. మా యూనిట్లో మిషనుకు ఆ ఆగడం నేర్పడానికి వికారాబాదు నుంచి వచ్చే ఒక అమ్మాయికి ఎండాకాలమంతా పట్టింది. అప్పట్లో అక్కడ స్టోరు తాళాలు నా దగ్గర ఉండేవి. ఆ అమ్మాయికి నేనేదో సాయం చేశానని చెప్పుకోను. అడిగింది ఇవ్వకపోవడమే చాలా రోజులు నా పని.

నేను చదివింది మూడో తరగతి వరకే. మా పుట్టినూరు పెద్దేముల్ దగ్గర. ప్రత్యేక తెలంగాణ గొడవ నడిచిన అరవై తొమ్మిదిలో, బడులకు తాళాలు పడ్డాయని పిల్లలు వీధుల్లో గంతులేస్తుంటే, నేను కొత్తగా పెళ్లై తాండూరు వచ్చి బండలు మోస్తున్నాను. మొదట మోత, తర్వాత పాలిషు చేసిన బండలు కడగడం, ఆ తర్వాత స్టోరు. స్టోరు నాకెందుకిచ్చారంటే, నేను దేన్నీ పోనివ్వను. నూనె తుడిచిన గుడ్డను సోడాలో ఉడకబెట్టి మళ్లీ ఇస్తాను. అరిగిన పాలిషు రాళ్లను ఏరి, చిన్న బండలకు వాడమంటాను. యూనిట్లో మగవాళ్లు నన్ను వెనకాల ఏమని పిలిచేవారో నాకు తెలుసు. పిలవనీ, తాళం మాత్రం నా దగ్గరే ఉండేది.

మా యజమానిది కుల్కచర్ల వైపు వ్యవసాయం చేసే కుటుంబం. భూములు అన్నలకు వదిలేసి బండల వ్యాపారంలోకి వచ్చాడు. అందరం పటేలా అని పిలిచేవాళ్లం. ఆయనకు ఓపిక తక్కువ. టీ చల్లారే దాకా కూడా ఆగలేక, సాసర్లో పోసి ఊదుకుంటూ గేటు దాకా నడిచేవాడు. ఎనభైల మధ్యలో, హైదరాబాదులో మూతబడిన ఏదో ఫ్యాక్టరీ సామాను వేలం వేస్తుంటే, ఆయన వెళ్లి ఒక కంప్యూటరును, బల్లను నడిపే మోటార్లను లారీలో వేసుకొచ్చాడు. టీవీ లాంటి డబ్బా, లోపల పచ్చటి అక్షరాలు. దానితో బండల్ని ఎనిమిది మూలలుగా కోయాలని ఆయన ఆలోచన. ఎనిమిది మూలల బండలు పరిచి, మధ్య సందుల్లో చిన్న నల్ల పలకలు పెడితే ఆ గచ్చు అందం వేరు. చేత్తో కోస్తే ఏ రెండు బండలూ ఒక్కలా రావు, సందులు కలవవు.

మా మిస్త్రీ పాత మనిషి. ముస్లిం. తండ్రి కాలం నుంచి వాళ్లది ఇనుప పనే. అందరికీ చాచా. బల్లనూ, మోటార్లనూ, బ్లేడును పట్టుకుని తిరిగే ఇరుసునూ ఆయనే కూర్చాడు. ఆ ఇరుసునే స్పిండిల్ అంటారు. ఇనుము వరకు ఆయనకు తెలుసు. ఆ పచ్చ అక్షరాల సంగతి ఎవరికీ తెలియదు. దాని కోసం పటేల ఈ అమ్మాయిని తెచ్చాడు.

ఆ అమ్మాయి తండ్రిది రైల్వే గేటు దగ్గర పని. ఆమె హైదరాబాదులో ఎలక్ట్రానిక్సు డిప్లొమా చదివింది. రోజూ పొద్దున పాసెంజరు రైల్లో వికారాబాదు నుంచి వచ్చి, సాయంత్రం రైలుకు వెళ్లేది. సన్నగా, గాలికి ఊగే జొన్న చొప్పలా ఉండేది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని ఆ డబ్బా ముందు కూర్చుంటే తిండి ధ్యాస ఉండేది కాదు. పక్క యూనిట్ల వాళ్లు మా గేటు దగ్గర ఆగి, "పటేల ఆడపిల్లను పెట్టి మిషను చేయిస్తుండట" అని నవ్వుకునేవారు. పటేల ఆమెతో మొదటి రోజే చెప్పాడు. "బిడ్డా, వానలు పడే లోపల మిషను బండ కోయాలె. లేకుంటే ఈ డబ్బా అమ్మేస్త. నీకు గూడ ఇక్కడ పని ఉండది."

వచ్చిన వారంలోనే ఆమె స్టోరు కిటికీ దగ్గరికొచ్చింది.

"అక్కా, ట్రయలుకు బండలు కావాలె. బ్లేడు గూడ."

"నిన్న ఇచ్చిన బండ ఏమైంది?"

"పగిలింది."

"మొన్నటిది?"

"అది గూడ. బల్ల నేను చెప్పిన దిక్కు పోతలేదు."

"పోతలేదని తెలిసినంక బండ ఎందుకు పెట్టినవ్?"

"పెట్టకుంటే ఎట్ల తెలుస్తది?" అంది.

"అది నాకు తెల్వది. చదువుకున్నదానివి నీవు. మంచి బండలు పగలగొట్టుకుంట నేర్చుకుంటే ఎవరైన నేర్చుకుంటరు. నేనియ్య."

ఆమె పటేల దగ్గరికి పోయింది. ఆయన నన్ను పిలిపించి అడిగాడు. నేను పగిలిన ముక్కల గుట్ట చూపించాను. ఆయన నావైపే మాట్లాడాడు. అమ్మాయి కళ్లనిండా నీళ్లు. అయినా ఏడవలేదు. వెనక్కి తిరిగి పోతూ, "సరే అక్కా. బండ లేకుండ, బ్లేడు లేకుండనే చేస్త" అంది. పంతానికి అన్న మాట అనుకున్నాను. నిజంగానే చేసింది.

మర్నాడు ఆమె బ్లేడు ఉండాల్సిన చోట ఒక సుద్దముక్క కట్టింది. బల్ల మీద ఒకే ఒక పాత బండ. బల్ల కదిలితే సుద్ద గీత గీస్తుంది. గీత తప్పయితే తడి గుడ్డతో తుడిచి మళ్లీ మొదలు. ఆ బండ ఎండాకాలమంతా అదే. ఇది నాకు బాగా నచ్చిందని వేరే చెప్పాలా? తుడవడానికి గుడ్డ అడిగితే, ఆమె కోసమని కొంచెం మెత్తటిది వెతికిచ్చాను.

కానీ సుద్ద తిరగదు కదా. మిషనుకు అసలు చిక్కు బ్లేడు తిరగడంతోనే. స్పిండిల్ మొదలవడానికి కొంత సమయం, ఆగడానికి కొంత సమయం పడుతుంది. ఎప్పుడు ఎంత వేగం మీద ఉందో తెలిస్తేనే కంప్యూటరు బల్లను కదపాలి. అసలు స్పిండిల్ తిప్పితే కరెంటు, బ్లేడు అరుగుదల, నా నోరు. అందుకని ఆమె కంప్యూటరు లోపలే ఒక స్పిండిల్ చేసింది. అది కంటికి కనపడదు. మొదలు పెట్టు అంటే, ఇదిగో ఇంత వేగం వచ్చింది, ఇప్పుడు ఇంత, అని తెర మీద అంకెలు పెరుగుతాయి. బల్ల నడిపే లెక్కకు మాత్రం అది నిజం స్పిండిల్‌లాగే జవాబు చెబుతుంది. చాచా వచ్చి ఆ అంకెలు చూసి, ఖాళీగా ఉన్న ఇరుసును చూసి, పగలబడి నవ్వాడు.

"క్యా బేటీ, లేని స్పిండిల్ ఎట్ల తిరుగుతుంది? భూత్ బంగ్లా చేసినవా మా షెడ్డును?"

"తిరుగుతున్నదనుకొని బల్ల నడవాలె చాచా."

"అనుకుంటే అయితదా? నేను గూడ మస్తు తిన్న అనుకుంట. కడుపు నిండుతలేదు."

అప్పటి నుంచి యూనిట్లో దాని పేరు దయ్యం స్పిండిల్. పొద్దున ఆమె రాగానే ఎవడో ఒకడు, "దయ్యానికి ఆయిలు పోసినవా?" అని అడిగేవాడు. ఆమె కూడా నవ్వేది. "మా దయ్యం ఆయిలు తాగది. స్టోరు అక్కకు అదే ఇష్టం" అనేది. నా మీద పరాచికమాడే ధైర్యం అప్పటికే వచ్చేసింది.

ఆ దయ్యం కూడా మొదట దుబారా చేసింది. చెబుతాను. ఆమె మొదట రాసిన తీరులో ఆ డబ్బా బ్లేడు తిరిగే ప్రతి పిసరునూ లెక్క కట్టేది. ఇప్పుడిక్కడ ఉంది, ఇప్పుడు ఇంకో పిసరు తిరిగింది, అని. ఆ లెక్కలోనే దాని శక్తంతా పోయి, బల్లను నడపడానికి తీరిక లేక బల్ల వణుకుతూ నడిచేది. సుద్దగీత పాము పాకినట్టు వచ్చేది. కొన్ని రోజులు ఆమె ముఖం వాడిపోయింది. తర్వాత ఒక మధ్యాహ్నం నవ్వుతూ లేచింది. ఏం చేశావని అడిగితే, నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"అక్కా, బ్లేడు ఒక్క తీరుగ తిరుగుతుంటే దాన్ని చూసుడెందుకు? మొదలైన టైము గుర్తు పెట్టుకుంటే సాలు. బల్ల అడిగినప్పుడు, అప్పటినుంచి ఎంతసేపయింది, ఇప్పటికి ఎంత వేగం వచ్చి ఉంటది, అని ఒక్క లెక్క. అడగకుంటే లెక్క లేదు."

పొయ్యి మీద పాలు పెట్టి మనం గిన్నెలో తల పెట్టి కూర్చోం కదా. ఎప్పుడు పెట్టామో తెలుసు, ఎప్పుడు పొంగుతాయో తెలుసు. మధ్యలో ఇల్లు ఊడ్చుకుంటాం. ఆమె చేసింది అదే. లెక్క తగ్గింది, బల్ల వణుకు పోయింది, గీత నిటారుగా వచ్చింది. ఊరికే చేసే పని ఏదైనా నాకు దుబారాయే. ఆ అమ్మాయి అంటే నాకు అప్పుడే ఇష్టం మొదలైంది. పైకి అనలేదు. అంటే బండలు అడుగుతుందని భయం.

ఇక మిగిలింది దయ్యాన్ని అసలు స్పిండిల్‌లా చేయడం. అంటే అసలు స్పిండిల్ మొదలైనప్పటి నుంచి పూర్తి వేగం రావడానికి ఎంతసేపు తీసుకుంటుందో చూసి, దయ్యానికీ అదే నేర్పాలి. దీనికి ఆమె ఇరుసు పక్కన ఒక చిన్న బల్బు, దానికెదురుగా వెలుగును పట్టే కన్ను లాంటిది పెట్టింది. ఇరుసుకు బిగించిన రేకు ముక్క తిరిగి అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు తెగుతుంది, కన్ను ఆ తెగడాన్ని కంప్యూటరుకు చెబుతుంది. మరి ఎప్పుడూ ఆ కన్నునే నమ్ముకుంటే దయ్యం ఎందుకని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. బండ కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పోయాలి. నీళ్లతో కలిసిన రాతిపొడి తెల్లటి బురదై నాలుగువైపులా చిమ్ముతుంది. కన్ను మీద ఒక్క చుక్క పడితే చాలు, గుడ్డిదవుతుంది. కోత మధ్యలో కన్ను లేదు. దయ్యం లెక్కే దిక్కు.

పనిరోజుల్లో షెడ్డంతా ఆ బురదే. పక్క మిషన్ల నుంచి కూడా చిమ్ముతుంది. చాచాకు ఊపిరాడని పని. అందుకని సెలవు రోజున కొలుద్దాం అంది అమ్మాయి. తాండూరు బండల యూనిట్లన్నిటికీ వారంలో ఒకే రోజు సెలవు. ఆ రోజు ఊరు ఊరులా ఉండదు, చెవులు మూసుకున్నట్టు ఉంటుంది. బ్లేడు స్టోరులో ఉంది కాబట్టి నేనూ రావాల్సి వచ్చింది. సెలవు రోజు నాకు ఇంటి పనులు సవాలక్ష. గొణుక్కుంటూనే వచ్చాను. చాచా బ్లేడు బిగించాడు. షెడ్డు పొడిగా, నిశ్శబ్దంగా ఉంది. స్విచ్ వేయగానే స్పిండిల్ హుషారుగా లేచింది. మళ్లీ మళ్లీ తిప్పి చూశారు. ప్రతిసారీ ఒకటే తీరు. ఆమె దయ్యానికి ఆ తీరు నేర్పింది. "ఇగ రెండు కవలలక్కా" అంది.

ఆ తర్వాత పనిరోజున, పటేల ముందర, మొదటిసారి నిజం బండ, నిజం బ్లేడు. బండ నేనే ఏరి ఇచ్చాను, చీలిక లేనిది. చాచా నీళ్లు వదిలాడు. స్పిండిల్ మొదలైంది. తెర మీద దయ్యం వేగం అందుకుంది. బల్ల కదిలింది. బ్లేడు బండను తాకగానే గొంతు పట్టేసినట్టు ఒక శబ్దం. బండ అడ్డంగా రెండు ముక్కలైంది. బ్లేడు పళ్లు కొన్ని ఊడాయి.

పటేల ముక్కల వైపు చూసి, అమ్మాయి వైపు చూశాడు.

"వచ్చే వారం సేడం దిక్కు నుంచి కొనేటాయన వస్తుండు. మిషను చూస్తనన్నడు. ఆయన ముందర గిట్లనే పగిలితే, మరునాడు నువ్వు వికారాబాదుల రైలెక్కకు బిడ్డా. నాకు కోపం లేదు. కాని నాతోని గాదు."

ఆయన వెళ్లాక ఆమె డబ్బా ముందు కూర్చుంది. తెర మీద దయ్యం చక్కగా తిరుగుతూనే ఉంది. ఆమె దాన్ని చూసి, "వీడికేమో ఫికర్ లేదు" అంది. చాచా బల్లను తిప్పి చూశాడు, ఇరుసును చూశాడు, బిగింపులు చూశాడు. ఎక్కడా లోపం లేదు. "నీ దయ్యానిదే తప్పు బేటీ" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

సాయంత్రం రైలుకు ఇంకా సమయం ఉంది. ఆమెను అక్కడే వదిలితే ముక్కల వైపు చూస్తూ కూర్చుంటుంది. నాకు గిర్నికి పోయే పని ఉంది. సెలవు రోజంతా స్పిండిల్ దగ్గరే గడిచిపోవడంతో జొన్నలు పట్టించలేదు, ఇంట్లో పిండి లేదు. "నాతోని రా. సంచి ఒక దిక్కు పట్టుకో" అన్నాను. వచ్చింది.

గిర్ని ముందు వరుస కట్టి డబ్బాలు, సంచులు. లోపల గిర్ని మూలుగుతోంది. గిర్నాయన నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏందక్కా, నువ్వు సెలవు రోజు బేరానివి గద? ఇయ్యాల ఎట్లొచ్చినవ్?"

"కుదరలే. జర తొందరగ పట్టియ్యి."

"తొందరనా? బండల మిషన్లన్ని నడుస్తున్నయి. నా గిర్ని ముసలెద్దు లెక్క తిరుగుతుంది. పొద్దుగూకినంక వచ్చి తీస్కపో."

మా వాడలో ఆడవాళ్లందరికీ ఇది అలవాటు. జొన్నలు సెలవు రోజే పట్టిస్తాం. ఆ రోజు కరెంటు నిండుగా ఉంటుంది, గిర్ని జోరుగా తిరుగుతుంది, పిండి వేడెక్కదు, రొట్టె విరగదు. దీన్ని గురించి ఆలోచించిన వాళ్లెవరూ లేరు. నీళ్లు వచ్చే వేళకు బిందె పెట్టినట్టు, అంతే. నేను సంచి దించి, వరుసలో ఎవరి వెనక ఉండాలో చూసుకుంటున్నాను. తిరిగి చూస్తే అమ్మాయి గిర్నిని తిప్పే బెల్టును చూస్తూ నిలబడి ఉంది.

"అన్నా, సెలవు రోజు ఎట్ల తిరుగుతది ఇది?"

"గుర్రం లెక్క."

ఆమె నా జొన్నల సంచి మీదే కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

"అక్కా, మనం కొలిచింది సెలవు రోజు. ఊర్ల ఒక్క మిషను గూడ నడుస్తలేదు. నేను దయ్యానికి సెలవు రోజు తిరుగుడు నేర్పిన. ఇయ్యాల అసలుది ముసలెద్దు లెక్క లేస్తుంటే, దయ్యమేమో గుర్రం లెక్క పోయింది. వేగం వచ్చిందనుకొని బల్ల ఉరికింది."

"మరి ఆ డబ్బాకు తెల్వదా కరెంటు తక్కువుందని?"

"దానికి స్టెబిలైజరు పెట్టిన కదక్కా, పాడు కాకుండ. దానికి ఎప్పుడు నిండు కరెంటే. దాని లెక్కల రోజూ సెలవే."

ముందు నాకు కోపం వచ్చింది. బ్లేడు పళ్లు గుర్తొచ్చాయి. తర్వాత నవ్వొచ్చింది. ఆమెకు వికారాబాదులో తల్లి పిండి పట్టిస్తుంది, ఈ సంగతి ఎలా తెలుస్తుంది? చాచా ఎప్పుడైనా గిర్నికి పోయాడా? నేను పోయాను, కానీ స్పిండిల్ నా పని కాదు. ముగ్గురం కలిసి బురద పడని రోజు ఏదా అని చూశాం కానీ, కరెంటు సంగతి ఒక్కరికీ తోచలేదు. సంచి మీద నుంచి లేవమన్నాను. జొన్నలు నలుగుతాయని.

తర్వాతి రోజుల్లో ఆమె ఇంకో తీరు కట్టింది. పొద్దున ఒకసారి, తిండి అయ్యాక మళ్లీ ఒకసారి, మా షెడ్డులో ఏ మిషనుకూ నీళ్లు వదలకముందే స్పిండిల్‌ను పొడిగా తిప్పాలి. అప్పుడు బురద ఉండదు, కన్ను శుభ్రంగా ఉంటుంది. ఆ పూట కరెంటుకు బ్లేడు వేగం అందుకోవడానికి ఎంతసేపు పట్టిందో కన్ను చూసి చెబుతుంది. దయ్యం ఆ పూటకు ఆ తీరే పట్టుకుంటుంది. ఆ తర్వాత కన్ను మీద మూత పెట్టి, నీళ్లు వదిలి, కోత. నడుమ కరెంటు ఇంకా పడిపోవచ్చు కదా అని, లెక్క వచ్చిన దానికన్నా ఇంకొంచెం ఆగమని బల్లకు చెప్పింది. లెక్క మాత్రం పెరగలేదు. అదే ఒక్క లెక్క, పూటకొకసారి ఒక్క అంకె మారుతుంది, అంతే. మూతకు ఏదైనా ఉందా అని అడిగితే, గ్రీజు అయిపోయిన డబ్బా మూత ఇచ్చాను. కడిగి ఇచ్చాను. అది చూసి చాచా, "ఇయ్యాల వాన పడుతుంది" అన్నాడు. ఊడిన పళ్ల బ్లేడును ఆయనే పళ్లు మళ్లీ అతికి సరిచేశాడు.

కర్ణాటక వైపు సేడం నుంచి రావాల్సిన కొనేటాయన చెప్పిన రోజుకే వచ్చాడు. పొద్దున వస్తే బాగుండేది. తిండి అయ్యాక వచ్చాడు. ఊళ్లో మిషన్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యే వేళ అది. మా షెడ్డులో బల్బు లోపలి తీగ ఎర్రగా కనబడుతోంది, వెలుగు మాత్రం లేదు. కొనేటాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పక్క యూనిట్ల యజమానులు ఇద్దరు, ఊరికే చూసిపోదామని, పటేల భుజం దగ్గర చేరారు.

పటేల నా దగ్గరికొచ్చి, మెల్లగా, "ఇంకో రెండు బండలు తెచ్చి పక్కన పెట్టు. పగిలితే తొందరగ మార్చుకోవచ్చు" అన్నాడు. నేను తాళం తీస్తుంటే అమ్మాయి వచ్చింది.

"అక్కా, వద్దు."

"పటేల తెమ్మన్నడు."

"పక్కన బండలు పెడితే పగులుతదని మనమే చెప్పినట్టయితది. ఒక్కటే ఇయ్యి."

అంతకుముందు ఎవరైనా ఎక్కువ కావాలని అడిగితే కాదన్నాను. తక్కువ కావాలని అడిగిన మనిషిని చూడటం అదే మొదటిసారి. ఒక్కటే ఇచ్చాను. పటేల చూసి పళ్లు నూరాడు, కొనేటాయన ముందర ఏమీ అనలేకపోయాడు.

ఆమె కన్ను మూత తీసింది. పొడిగా స్పిండిల్ తిప్పింది. అది లేవడానికి ఎంతసేపు తీసుకుందంటే, మొరాయించిందనుకున్నారు అందరూ. లేచింది. ఆపింది. మూత పెట్టింది. చాచా నీళ్లు వదిలాడు. ఆమె బటను నొక్కింది. బ్లేడు తిరగడం మొదలైంది. బల్ల కదలలేదు.

తెర మీద అంకెలు మెల్లగా, ముసలివాళ్లు మెట్లెక్కినట్టు పెరుగుతున్నాయి. బల్ల కదలలేదు. పక్క యూనిట్ల యజమానుల్లో ఒకడు దగ్గాడు. కొనేటాయన కన్నడంలో, "నింత్ బిడ్తా?" అని అడిగాడు. ఆగిపోయిందా అని. పటేల ఓర్చుకోలేకపోయాడు. బల్లను చేత్తో తోయడానికి ముందుకొచ్చాడు.

"ఏం చూస్తున్నవ్? తొయ్యి."

"ఆగుండ్రి సార్."

"ఇంకెంతసేపు?"

"బ్లేడు చెప్పేదాంక."

ఆయన ఇంకో అడుగు వేశాడు. అప్పుడు చాచా, ఎన్నాళ్లుగానో దయ్యం దయ్యం అని నవ్విన మనిషి, నీళ్ల పైపు పట్టుకునే బల్లకూ పటేలకూ మధ్యన వచ్చి నిలబడ్డాడు. "పటేలా, పిల్ల ఆగుమంటుంది. జర ఆగుండ్రి." పటేల లుంగీ తడిసింది. వెనక్కి తగ్గాడు.

అమ్మాయి చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. నేను స్టోరు గడప మీద నిలబడి, ఇంత నీళ్లు వృథాగా పోతున్నాయే అని కూడా అనుకోలేదు.

బల్ల కదిలింది.

బ్లేడు బండలోకి దిగిన శబ్దం ఈసారి వేరు. ఒక్క శ్రుతిలో, తెగకుండా. ఒక అంచు అయింది. బల్ల తిరిగింది. ఇంకో అంచు. ఎనిమిదో అంచు అయ్యేదాకా ఎవరూ కూర్చోలేదు, కొనేటాయన కూడా లేచి నిలబడ్డాడు. చాచా నీళ్లు కట్టేసి బండను ఎత్తి ఇచ్చాడు. కొనేటాయన బొటనవేలితో అంచులన్నీ తడిమాడు. జేబులోంచి తన వెంట తెచ్చిన నల్ల పలక తీసి మూలకు ఆనించి చూశాడు. గోరు దూరే సందు కూడా లేదు. ఆయన పటేల చేయి పట్టుకుని, కన్నడం, తెలుగు కలిపి ఏదో మాట్లాడుతూ ఆఫీసు వైపు తీసుకుపోయాడు. పక్క యూనిట్ల వాళ్లు వెనకే పోయారు. టీలు తెమ్మని కేక వినపడింది. పటేల వెళ్తూ అమ్మాయి వైపు తిరిగి చూడలేదు.

ఆమె సాయంత్రం దాకా డబ్బా ముందే ఉంది. ఎవరూ వచ్చి ఏమీ చెప్పలేదు. రైలు వేళకు చెప్పులేసుకుని స్టోరు దగ్గరికొచ్చింది.

"అక్కా, రేపు రావాల్నా?"

నాకేం తెలుసు? పటేల మనసులో ఏముందో నాకూ తెలియదు. మంచి మాట చెప్పడం నాకెప్పుడూ సరిగా రాలేదు. "రైలు పాసు నెలాఖరుదాంక ఉన్నదంటివి గద. దుబారా చేస్తవా? రా" అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి నవ్వి వెళ్లింది.

మర్నాడు పొద్దున నేను గేటు లోపలికి వచ్చేసరికి జనమంతా షెడ్డు బయటే నిలబడి ఉన్నారు. కొత్త మిషను మీద బండ పెట్టి ఉంది, నీళ్ల పైపు సిద్ధంగా ఉంది. పటేల బల్ల పక్కన నిలబడ్డాడు. కోతకు ఇద్దరు మనుషులను పెట్టాడు కానీ, వాళ్లను కూడా దగ్గరికి రానివ్వకుండా తానే కాపలా కాస్తున్నాడు.

"ఎవ్వరు ముట్టొద్దు. ఆ బిడ్డ వచ్చి పొడిగ తిప్పినంకనే."

"పటేలా, రైలు లేటట" అన్నాడు చాచా.

"లేటయితే ఆగుండ్రి."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన టీ తెప్పించుకున్నాడు. సాసర్లో పోసుకోలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని, స్టేషను వైపు రోడ్డు చూస్తూ నిలబడ్డాడు. మేమూ నిలబడ్డాం. ఎండ షెడ్డు గోడ దిగి మా కాళ్ల దాకా వచ్చింది.

చాలాసేపటికి ఆమె రోడ్డు మలుపులో కనిపించింది, పరుగులాంటి నడక. గేటు దగ్గరికొచ్చి మేమంతా బయట నిలబడి ఉండటం చూసి, ఏదో చెడు జరిగిందనుకుని అక్కడే ఆగిపోయింది. చేతిలో టిఫిను డబ్బా గట్టిగా పట్టుకుంది. లోపలికి రావాలో వద్దో తెలియక, ఒక కాలు గేటు లోపల, ఒక కాలు బయట.

పటేల గ్లాసు పక్కన పెట్టి, "ఏం నిలబడ్డవ్ బిడ్డా? పని ఆగింది. తిప్పు" అన్నాడు.